మూడు ఇళ్ళ చుట్టూ తిరిగిన కంప్యూటరు

రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్త రోజుల్లో, మా కోనసీమలో కంప్యూటర్ చదివిన కుర్రాడంటే డాక్టరుకీ ఎలక్ట్రీషియనుకీ మధ్య ఎక్కడో ఉండే మనిషి. టీవీలో బొమ్మ వణికినా, ఫోన్ బిల్లు ఎక్కువొచ్చినా నన్నే పిలిచేవారు. (ఒకసారి ఇస్త్రీపెట్టె బాగుచెయ్యమన్నారు. బాగుచెయ్యలేదు కానీ, విప్పాను.) ఊళ్ళో ఇంత పలుకుబడి ఉన్నవాడికి ఉద్యోగం మాత్రం రాజమండ్రిలో, దేవీచౌక్ దగ్గర ఒక సందులో, బట్టల కొట్టు మీద మేడగదిలో దొరికింది. మా యజమానిని వెనకాల అందరం ‘అయిపోద్దిగారు’ అనుకునేవాళ్ళం. ఏ పని తెచ్చినా, ఎంత తొందరలో అడిగినా, ఆయన నోట వచ్చే మొదటిమాటా చివరిమాటా “అయిపోద్దండి” అనే. నేను చేరి ఇంకా నెలే అయింది. పని చూసి ఉంచుతానో పంపుతానో చెబుతానని ఆయన అన్నారు గనక, ఆయన ‘అయిపోద్ది’ అన్న ప్రతిసారీ నా గుండె ఒక మెట్టు కిందికి దిగేది.

ఆ వేసవికి ముందు భీమవరం నుంచి ఒక రాజుగారు వచ్చారు. పెద్ద రైతు. చేపల చెరువులు, తెల్లటి లుంగీ, నాలాంటి పిల్లవాణ్ణి కూడా ‘అండి’ అనకుండా పలకరించని మర్యాద. బంధువులందర్నీ పిలిచి విందు చేస్తారట, ఆరోజు వచ్చినవాళ్ళ చేతుల్లో తమ కుటుంబాల పుస్తకం పెట్టాలట. దాని వెనక అసలు సంగతి తరవాత తెలిసింది. ఆయన భార్య అన్నగారికి జంగారెడ్డిగూడెంలో ఆయిల్‌పామ్ తోటలున్నాయి. ఏదో పెళ్ళిలో భోజనాల దగ్గర ఆ బావగారు, “మాది వ్యవసాయం, మీ చెరువులు జూదం” అన్నారట. రాజుగారు విస్తరి ముందునుంచి లేచిపోయారట. అప్పట్నుంచీ రాకపోకలు లేవు. మధ్యలో నలిగిపోతున్నది ఇద్దరికీ కావలసిన రాజుగారి భార్య. (ఆవిణ్ణి మేమంతా అమ్మగారు అనేవాళ్ళం.) భర్త పిలుపూ, అన్న రాకా, మళ్ళీ రెండిళ్ళూ కలవడమూ, అన్నీ ఈ పుస్తకం మీదే పెట్టుకుని ఉన్నారావిడ. ఇవేవీ తెలియని అయిపోద్దిగారు యథాప్రకారం అయిపోద్దండి అన్నారు.

పుస్తకమే కాదు, సీడీ కూడా కావాలన్నారు కాబట్టి, అప్పుడే కొత్తగా వినబడుతున్న ఎక్స్ఎమ్ఎల్ పద్ధతిలో చేద్దామని నేను సలహా ఇచ్చాను. (సలహా ఎందుకిచ్చానంటే, నాకు వచ్చిన కొత్త విద్య అదొక్కటే.) ఒక్కో ఇంటికీ ఒక్కో ఫైలు. అందులో ఆ ఇంటి దంపతుల వివరాలు, ఫొటో, కింద రెండు వరసలు: ఆడపిల్లని ఇచ్చిన ఇల్లు, కోడల్ని తెచ్చుకున్న ఇల్లు. ఆ వరసల్లో ‘ఫలానా ఇంటి ఫైలు ఇక్కడ చేర్చు’ అని ఒక ముక్క రాస్తే చాలు, నా ప్రోగ్రామే వెళ్ళి, ఆ ఫైలు తెచ్చి, అక్కడ అతికిస్తుంది. తెచ్చిన ఫైల్లో మళ్ళీ ఇంకో ఇంటిని చేర్చమని ఉంటే అదీ తెస్తుంది. అన్నీ చేరాక మరో ప్రోగ్రాము వాటిని పేజీలుగా మారుస్తుంది. చెరుకు ఒకవైపు పెడితే రెండోవైపు బెల్లం వస్తుందన్నమాట. ఈ ఇల్లు ఆ ఇంటినీ, ఆ ఇల్లు ఈ ఇంటినీ పిలుచుకుంటే పని తెమలదని ముందే ఊహించి, ‘ఏ ఇంటినుంచి వచ్చావో వెంటనే ఆ ఇంటికి తిరిగి వెళ్ళకు’ అని ఒక కట్టడి కూడా పెట్టాను. మా సొంత కుటుంబం మీద పరీక్షిస్తే అద్భుతంగా పనిచేసింది. ఆరోజు సాయంత్రం గోదావరి గట్టున నడుస్తుంటే, ఎదురొచ్చేవాళ్ళకి నా తెలివి కనిపిస్తోందేమోనని కొంచెం మొహమాటపడ్డాను కూడా.

రాజుగారి కుటుంబాలు మా కుటుంబంలాంటివి కావు. భీమవరం ఇంటి ఆడపిల్లని, అంటే రాజుగారి చెల్లెల్ని, పాలకొల్లు ఇచ్చారు. పాలకొల్లు ఇంటి ఆడపిల్లని జంగారెడ్డిగూడెం ఇచ్చారు. జంగారెడ్డిగూడెం ఆడపిల్లే మన అమ్మగారు, భీమవరం వచ్చారు. ఎవరూ ఏ ఇంటినుంచి వచ్చారో వెంటనే ఆ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. నా కట్టడిని అక్షరాలా పాటించారు.

పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని రాజుగారు వచ్చిన పూటే ఈ మూడు ఫైళ్ళూ కలిసి మొదటిసారి నడిచాయి. ఏ ఇంటిని తెస్తోందో తెరమీద పేరు పడేలా పెట్టాను. భీమవరం, పాలకొల్లు, జంగారెడ్డిగూడెం, భీమవరం, పాలకొల్లు, జంగారెడ్డిగూడెం... బస్టాండులో కండక్టరు అరుస్తున్నట్టు పేర్లు పడుతూనే ఉన్నాయి. రాజుగారు మొదట సంబరపడ్డారు.

“అబ్బో, మా ఇల్లు చాలాసార్లు వస్తోందండి!”

“మరి తమరిల్లే కదండీ ముఖ్యం,” అన్నారు అయిపోద్దిగారు.

కాసేపటికి రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. “ఆయ్, బండి ఎక్కడా ఆగట్లేదేంటండి?”

“అయిపోద్దండి.”

“అదేనండి చూస్తన్నాం. అవ్వట్లేదు.”

చివరికి అయిపోయింది. పని కాదు, కంప్యూటర్‌లో మెమరీ. తెర కదలడం మానేసింది, మౌసు చచ్చిపోయింది, లోపల ఫ్యాను మాత్రం పాసింజరు రైలులా మోగింది. “ఎండలు కదండీ, మిషన్లు తట్టుకోలేవు,” అని అయిపోద్దిగారు మజ్జిగ తెప్పించారు. రాజుగారు వెళ్ళాక నావైపు తిరిగి, “వచ్చే సోమవారం నువ్వే భీమవరం తీసుకెళ్ళి చూపించాలి. లేదంటే అటునుంచటే మీ ఊరు వెళ్ళిపో,” అన్నారు. ఆయన అయిపోద్ది అనకుండా మాట్లాడటం వినడం అదే మొదటిసారి.

నేను కట్టడిని బిగించాను. పుస్తకం మొత్తంలో ఒకసారి వచ్చిన ఇల్లు మళ్ళీ ఎక్కడా రాకూడదు, అంతే. ప్రోగ్రాము చటుక్కున ఆగింది. పేజీలు ముచ్చటగా వచ్చాయి. అచ్చుతీసి, సోమవారం తెల్లచొక్కా వేసుకుని భీమవరం వెళ్ళాను. అమ్మగారు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూచుని, తమ ఇంటి పేజీ తెరిచారు. ఆడపిల్లని ఇచ్చిన ఇల్లు: పాలకొల్లు, దానికింద బోలెడు వివరాలు. కోడల్ని తెచ్చుకున్న ఇల్లు: ఖాళీ. ఆవిడ కాగితం తిప్పి చూశారు. వెనక కూడా ఏమీ లేదు.

“ఏవండీ,” అన్నారు భర్తతో, చాలా నెమ్మదిగా. “నన్నెక్కణ్ణుంచి తెచ్చారండి? గోదాట్లో కొట్టుకొచ్చానా?”

రాజుగారు కాగితం చూసి తెల్లబోయారు. “మాకేం తెలీదండి బాబూ. మేం అన్నీ ఇచ్చాం.”

“అన్నయ్యని రమ్మని కబురు పెట్టిందీ మీరే, వచ్చాక చూపించడానికి ఈ ఖాళీ పెట్టించిందీ మీరే.” ఆవిడ నావైపు తిరిగారు. “నువ్వు చెప్పు బాబూ. మా పుట్టిల్లు తియ్యమని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండి. కంప్యూటరే తీసేసిందండి.”

“కంప్యూటరుకి మా అన్నయ్య మీద కోపమేంటి?”

జంగారెడ్డిగూడెం ఎక్కడికీ పోలేదనీ, పాలకొల్లు వివరాల లోపల ఉందనీ, ఒకసారి వచ్చింది గనక రెండోసారి రాలేదనీ, పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. “అంటే నేను మా పుట్టింటికి వెళ్ళాలంటే పాలకొల్లు మీదుగా వెళ్ళాలా? ఇక్కణ్ణుంచి తిన్నగా బస్సుంది కదా బాబూ!” అని లోపలికి వెళ్ళిపోయారు. రాజుగారు వీధివరకూ వచ్చి, గొంతు తగ్గించి, “బాబుగారూ, తమరు ఎలాగో ఒకలాగ ఆ ఇల్లు తెచ్చి పెట్టాలండి. లేకపోతే రేపట్నుంచి మా ఇల్లు ఉండదు,” అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని అదే తలుచుకున్నాను. బస్సు ఎక్కిన ఊరికే మళ్ళీ వస్తే తప్పుగానీ, వేరే బస్సు వేరే దారిలో అదే ఊరికి వెళ్తే తప్పేంటి? నేను రెండింటినీ ఒకే గాటన కట్టి, దారులే మూసేశాను. ప్రోగ్రాము అంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్ళిందో గుర్తుంచుకోనక్కర్లేదు. ఇప్పుడున్న చోటికి ఏ ఏ ఇళ్ళమీదుగా వచ్చిందో ఆ వరస ఒక్కటే వెంట పెట్టుకోవాలి. పిలుస్తున్న ఇల్లు ఆ వరసలో ఉంటే లోపలికి వెళ్ళకుండా పేరు మాత్రం రాసి ఆగాలి. లేకపోతే నిరభ్యంతరంగా వెళ్ళాలి. రావులపాలెం వచ్చేసరికి నాకు సంతోషం ఆగలేదు. పక్కసీటు పెద్దాయన తొడమీద చరిచాను. (నాదే అనుకున్నాను.)

కట్టడి మార్చి తీసిన పేజీలు చూసి అయిపోద్దిగారు నన్ను ఉంచేసుకున్నారు. విందు రోజున నన్నూ పిలిచారు. భీమవరం పేజీలో ఒకపక్క పాలకొల్లు, ఇంకోపక్క జంగారెడ్డిగూడెం, రెండూ నిండుగా ఉన్నాయి. బావగారు రావడం వచ్చారుగానీ, గుమ్మం దగ్గర కుర్చీలోనే బిగుసుకుని కూచున్నారు. అమ్మగారు తిన్నగా వెళ్ళి, తన పుట్టింటి పేజీ తెరిచి ఆయన ఒళ్ళో పెట్టారు. ఆయన అందులోని ఫొటో కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. “నాన్నగారి మీసం సరిగ్గా పళ్ళేదే,” అన్నారు. రాజుగారు వెనకనుంచి వంగి చూసి, “ఆయ్, ఆ మీసం ఏ కెమెరాకి పడిందండి?” అన్నారు. అంతే. ఆ మీసం గురించి, ఆ మీసానికి ఆయన రాసుకునే ఆముదం గురించి ఇద్దరూ విస్తళ్ళు వేసేదాకా మాట్లాడుకున్నారు. అమ్మగారు నాకు పక్కన నిలబడి రొయ్యల వేపుడు వడ్డించారు. వద్దంటున్నా వడ్డించారు.

భోజనాల మధ్యలో బావగారు మర్యాదకి, “ఈ పుస్తకం తమరే కట్టారటగా, ఎలా కట్టారండి?” అని అడిగారు. మర్యాదకి అడిగారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. నేను ఎంగిలి చేత్తో విస్తరి అంచున గీతలు గీసి, పులుసుతో బాణాలు పెట్టి, ఇళ్ళకి అరటికాయ ముక్కలు పెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, కిళ్ళీ కూడా వేసుకున్నారు. నేనింకా రెండో కట్టడి దగ్గరే ఉన్నాను.

ఇప్పుడు మా ఆఫీసు పిల్లలకి ఇలాంటి చిక్కు వస్తే, ఎవరో ఎప్పుడో రాసిపెట్టినదాన్ని తెచ్చి తగిలించేసుకుంటారు, టీ చల్లారేలోగా పని అయిపోతుంది. నేనేమీ అనను. కానీ ఎప్పుడైనా మధ్యాహ్నం పూట కునుకు పట్టబోయే ముందు, పంక్తిలో అందరూ లేచిపోయాక కూడా ఎండిపోయిన చెయ్యి గాల్లో ఆడిస్తూ కూచున్న ఆ తెల్లచొక్కా కుర్రాడు కనిపిస్తాడు. నవ్వొస్తుంది. వెళ్ళి వాడి పక్కన కూచుని, “ఊఁ, తరవాతేమైందండీ?” అని అడగాలనిపిస్తుంది.