రొట్టెలమ్మ ఇంటికొచ్చిన మనిషి

రొట్టెలు కాల్చి అమ్మే ఆవిడను ఊళ్లో అందరూ రొట్టెలమ్మ అనేవారు. మరుగుజ్జులు, రాక్షసులు, రెక్కలవాళ్లు కూడా ఆమె అంగడికే వచ్చేవారు. అడవిలోని కామరూపులంటేనే ఆమెకు గుబులు. వాళ్లు ఎవరి రూపంలో వస్తారో తెలియదు.

ఒక వానాకాలం కట్టెలకని అడవికి వెళ్లిన భర్త చాలా రోజులకు తిరిగొచ్చాడు. అదే ముఖం, అదే గొంతు. కానీ ఎప్పుడూ పుల్లవిరిచినట్టు మాట్లాడే మనిషి ఇప్పుడు అడగకుండానే పొయ్యిలో బూడిద ఎత్తుతున్నాడు. ఎడమచేతి వాటంవాడు కుడిచేత్తో పిండి పిసుకుతున్నాడు. ఆమె అతన్ని ఓ కంట కనిపెడుతూ, పక్క వేరుగా వేసుకుంది.

చివరికి అత్తగారి చెవిలో వేసింది. “అత్తయ్యా, ఈయన మీ అబ్బాయి కాదేమో.”

“వచ్చిన రోజే తెలిసిందే. అమ్మా అని ఎంత ప్రేమగా పిలిచాడు! మావాడు ఎప్పుడైనా అలా పిలిచాడా?”

“మరెందుకు ఊరుకున్నారు?”

“అడిగితే, మావాడేమయ్యాడో చెప్తాడని భయం.”

ఆ సాయంత్రం రొట్టెలమ్మే అతన్ని నిలదీసింది. అతను తల వంచుకున్నాడు.

“మీ ఆయన ఏట్లో కొట్టుకుపోతుంటే ఒడ్డుకు లాగాను. అప్పటికే కొనఊపిరితో ఉన్నాడు. ఇంట్లో చెప్పమన్నాడు. గుమ్మంలో మీ ముఖాలు చూశాక నోరు రాలేదు, అందుకే అతని రూపం వేసుకున్నాను.”

మర్నాడు ముగ్గురూ ఏటికి వెళ్లారు. ఒడ్డున రాళ్ల కుప్ప తీసి చూస్తే, కింద భర్త శవం ఉంది. చొక్కా మీద కత్తి గాటు ఉందేమోనని ఆమె వెతికింది. లేదు. అత్తగారు ఏడుస్తూ కామరూపి భుజం మీదే వాలిపోయింది.

రొట్టెలమ్మ అతన్ని పనిలో ఉంచుకుంది, సొంత ముఖంతో ఉండాలన్న షరతు మీద. అయినా ఏ రాత్రీ తన గదికి గడియ వేయకుండా పడుకోలేదు.