ఎడమవైపు నిలబడ్డ కుడిచేతి పిల్ల

స్టుట్‌గార్ట్ దగ్గర మా ఊరి ఐస్ హాకీ జట్టులో కుడిచేతి వాటంగా కొట్టేది మా అమ్మాయి ఒక్కతే. ఆ పాపమంతా నాదే. సికింద్రాబాద్ మైదానాల్లో నేను ఆడిన హాకీలో ఎవరైనా సరే కుడిచెయ్యి కింద పెట్టి పట్టాల్సిందే, ఎడమచేతి స్టిక్ అంటూ ఉండదు. చిన్నప్పుడు దానికీ అలాగే పట్టించాను. ఇక్కడ ఎక్కువమంది పిల్లలు ఎడమచెయ్యి కింద పెడతారని నాకు తెలిస్తే కదా!

కోచ్‌కు మాత్రం లంకెబిందెలు దొరికినట్టయింది. అవతలి జట్టులో ఒకరు శిక్షపడి బయట కూర్చుంటే, ఆ కాసేపూ మనవాళ్ళు ఒకరు ఎక్కువ. దాన్నే పవర్‌ప్లే అంటారు. అప్పుడు మా అమ్మాయిని గోల్‌కు ఎడమవైపు నిలబెడతాడు. కుడివైపు నుంచి వచ్చే పక్, అంటే బంతికి బదులు వాడే ఆ గట్టి రబ్బరు బిళ్ళ, నేరుగా దాని స్టిక్ మీదికే వస్తుంది. ఆపకుండా, తిప్పుకోకుండా అక్కడికక్కడే కొట్టేయొచ్చు. ఎడమచేతి పిల్లలకు అక్కడ అది కుదరదు.

ఈ సంగతి ఊరూరా తెలిసిపోయింది. ఆ ఆదివారం వచ్చిన జట్టులో ఒక పొడుగు పిల్ల ఉంది. మొదటి పవర్‌ప్లేలో అది పక్ వంక చూడనే లేదు. సూటిగా వచ్చి మా అమ్మాయిని పడేసింది. రెండోసారీ అంతే. రిఫరీ విజిల్ వేయలేదు.

"గా పొడుగు పోరి మన దాన్నే చూస్తుంది, చూసినవా?" అంది మా ఆవిడ, నా చెయ్యి పట్టుకుని.

విరామంలో వెళ్ళి మా అమ్మాయిని ఆపాను. "బిడ్డా, ఇంకోసారి ఆడ నిలబడకు. కోచ్‌కు నేను చెప్త."

"పాస్ట్ షోన్, పాపా," అంది, ఏం కాదులే అన్నట్టు. హెల్మెట్ లోపల నవ్వుతోంది. నాకు ఒళ్ళు మండింది.

మూడోసారి పక్ ఇంకా కుడివైపు ఉండగానే ఆ పొడుగు పిల్ల కదిలింది. మా అమ్మాయి కళ్ళు పక్ మీదే ఉన్నాయి. నేను అరిచాను. మంచు మైదానం చుట్టూ ఉన్న అద్దాల వెనక నుంచి ఏం వినబడుతుంది? ఈసారి ఆ పిల్ల మా అమ్మాయి మీద పడలేదు. కొట్టే దారికి అడ్డంగా మంచు మీద పడుకుని జారింది. మా అమ్మాయి కొట్టిన స్టిక్ చప్పుడు వినబడింది. వెంటనే మరో చప్పుడు, మెత్తగా, పక్ ఒంటికి తగిలినట్టు.

మా అమ్మాయి నిలబడే ఉంది. "అమ్మయ్య," అన్నాను పైకే.

ఆ పిల్ల లేవలేదు. మా ముందు వరసలోంచి ఒకావిడ దాని పేరు అరుస్తూ మెట్లు దిగి పరుగెత్తింది. మా అమ్మాయి స్టిక్ వదిలేసి ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. తలెత్తి జనంలో నాకోసం వెతుకుతోంది. చెయ్యెత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.