శంకరమ్మక్క రాతిపొడి డబ్బా

జర దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు. పొద్దున అటక సర్దుతుంటే పాత డబ్బా ఒకటి చేతికొచ్చింది. మూత తీయగానే తడిసిన సున్నం వాసన. దాంతో పాటే శంకరమ్మక్క గుర్తొచ్చింది. గద్వాలలో మా పక్కింటి మనిషి, నాకు మగ్గం నేర్పిన మనిషి.

మా మగ్గానికి నేలలో గుంట ఉంటుంది. కాళ్లు అందులోకి దించి పొద్దంతా తొక్కాలి. తొక్కీ తొక్కీ అక్క మోకాళ్లు అరిగిపోయాయి, గోడ పట్టుకుని లేచేది, కర్రతో నడిచేది. అరిగింది తిరిగి రాదని, మోకాళ్లకు పని తగ్గించమని దవాఖానలో చెప్పారు. మగ్గం తప్ప అక్కకు వేరే బతుకు లేదు.

అప్పుడు పెబ్బేరు సంత నుంచి ఈ డబ్బా తెచ్చింది నేనే. కొండరాళ్ల ఖనిజాల పొడి అట. నలభై రోజులు పాలల్లో తాగాలి, అన్నాళ్లూ గుంటలో దిగకూడదు, అదే పథ్యం అన్నాడు అమ్మినాయన.

"రాళ్లు తిననీకి నేనేమన్న కోడినా ఏంది?" అని నవ్వింది అక్క.

"కోడి ఎట్ల ఉరుకుతదో సూడక్కా. జర తాగు" అన్నాను.

తాగింది. నెల తిరిగేసరికి కర్ర లేకుండా నడిచింది. నేను వీధంతా చాటాను. నేత పని చేసే నలుగురు ఆడవాళ్లు నాతో డబ్బాలు తెప్పించుకున్నారు. నలభై రోజులయ్యాక అక్క గుంటలో దిగింది. వారం గడవకముందే మళ్లీ గోడ పట్టుకుని లేచింది. ఆమెకు కనబడకుండా తిరిగాను.

"మొకం దాసుకుంటవేందే? పొడి ఇయ్యాల గూడ తాగిన. మోకాళ్లకు నలబై దినాలు సెలవిచ్చిన సూడు, గదే మందు" అంది పిలిచి.

"మరి మగ్గం ఇడుస్తవా అక్కా?"

"ఇడిస్తె నువ్వు పెడ్తవా బువ్వ? ముందు ఆ నలుగురికి పోయి చెప్పు, నీ నోటితోనే. సిగ్గయితే కానీ."

చెప్పాను. ఒకామె తిట్టింది కూడా. అక్క మాత్రం ఆ రోజు నుంచి నూలు చుట్టిన కండెలు ఐదే దగ్గర పెట్టుకునేది, మిగతా బుట్ట గడప అవతల. ఐదూ అయిపోతే గుంటలోంచి పైకెక్కి, కాళ్లు చాపి, కాసేపు నడిచి తెచ్చుకోవాల్సిందే. చీర ఆలస్యమయ్యేది. నొప్పి పూర్తిగా పోలేదు. అయినా ఇంకా చాలా ఏళ్లు నేసింది.

అక్క ఇప్పుడు లేదు, ఆమె డబ్బా నా దగ్గర మిగిలింది. నా మోకాళ్లకూ నొప్పి మొదలైంది. మా కోడలు ఫోనులో ఏదో ఖనిజాల పొడి చూపించింది. దవాఖానలో అడిగి చూద్దాంలే అన్నాను. కండెల బుట్టను గడప అవతల పెట్టి వచ్చి, మెల్లగా గుంటలో దిగాను.

చాలాసేపు కూర్చున్నారు, కాళ్లు చాపుకోండి. మీ ఇంట్లో పెద్దలు గోడ పట్టుకోకుండా లేవాలి, మీ గడప చల్లగా ఉండాలి.