కంచ మూయకుండానే

పోయేవాడు కంచ మూసి పోవాలి కదా! తొలకరి పడి, గడ్డి మొలక కనిపించి, దారికి ముళ్లకంప అడ్డం పెట్టాల్సిన వారంలోనే మా చిన్నాయన చనిపోయాడు. ఏ పనీ సగంలో వదలని మనిషి, ఇదొక్కటి మా మీద పడేసి పోయాడు.

మా దేవరకొండ దిక్కున కంచ అంటే గొర్రెల మేతకు కాపాడుకునే గడ్డి భూమి. వేరే జిల్లాల్లో కంచె అంటే చేను చుట్టూ పెట్టే అడ్డమే. అడ్డం పేరు భూమికెలా వచ్చిందని ఒకసారి ఆయన్నే అడిగాను.

"అడ్డం పెడితెనే గడ్డి, గడ్డి ఉంటెనే కంచ. తీసేస్తె వట్టి బీడు. చేసిన పనిల నుంచే పేరొస్తదిరా" అన్నాడు. ఆయన్ని ఏదైనా అడిగితే జవాబుతో పాటు పని కూడా దొరికేది. ఆ రోజంతా ఆయనతో కంప మోశాను.

తొలకరికి మూస్తే, గడ్డి గింజ రాలేదాకా తెరిచేవాడు కాదు. సొంత గొర్రెలు కంప దగ్గర అరుస్తుంటే, పెళ్లిలో బంతి మీద పడే చుట్టాలను ఆపినట్టు చేతులు చాపేవాడు.

"ఆగుండ్రి, ఇంక ఉడకలే! మొదలు భూమి తినాలె, తర్వాత మీరు."

దసరా దాటాక ఒక గడ్డి వెన్ను తెంపి, అరచేతిలో నలిపి ఊదేవాడు. గింజ లేదని తేలితేనే కంప జరిపేవాడు.

నిన్న దినం భోజనాల్లో ఆయన కొడుకు, నా తమ్ముడు, నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, గొర్లు అమ్మేసి కంచల పత్తి పెడత. రేపు ట్రాక్టర్ వస్తాంది."

"చిన్నమ్మనడిగినవా?"

"అమ్మ ఏమంటలేదు."

చిన్నమ్మ విస్తళ్లు ఎత్తుతూ మా ఇద్దరినీ చూసి పోయింది. ఒకసారి దున్నితే ఆ గడ్డి మళ్లీ రాదని ముగ్గురికీ తెలుసు.

పొద్దున్నే మా అరుగు మీద కూర్చొని ఇది రాస్తున్నాను. కంచ దారి ఎదురుగానే ఉంది. చిన్నాయన పంగల కర్రతో చిన్నమ్మ తుమ్మకంప ఈడ్చుకొస్తున్నది. సగం దారి అప్పుడే మూసింది. ట్రాక్టర్ డ్రైవర్ ఇంజన్ ఆపి బీడీ ముట్టించాడు. తమ్ముడు కంపకు ఇవతల, గొర్రెల మధ్య నిలబడ్డాడు.

"అమ్మా, జర నా మాట ఇను..."

"ఆగు బిడ్డా. ఇంక ఉడకలే."

గొర్రెలు కంప మీదికి మెడలు చాపాయి.

చిన్నాయన గురించి చివరగా చెప్పాల్సింది ఒకటుంది. ఆయన కంప పెట్టేటప్పుడు ఎప్పుడూ...

"ఏమిరా, రాసుడేనా? గీ కొస పట్టవా?"

"వస్తున్న, చిన్నమ్మా!" ఆయన ఎప్పుడూ ముందు...