రమాదేవి ఇచ్చిన మాట

రమాదేవి పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆవిడ చదివింది పదో తరగతి, నేను బి.కాం. నరసాపురంలో మా లేసు ఎగుమతి కంపెనీకి స్పెయిన్ ఉత్తరాలు రావడం మొదలయ్యాక, సొంత డబ్బుతో డిక్షనరీ కొనుక్కుని ఏడాదిపాటు జవాబులు రాసింది నేను. ఈవిడేమో చిన్నప్పుడు కాన్వెంటులో లేసు నేర్పిన స్పెయిన్ సిస్టరు దగ్గరే ఆ భాష కూడా పట్టేసిందట. తొంభై ఏడులో చేరి నా పక్కనే కుర్చీ వేసుకుంది. నా ఉత్తరాలు ఎక్కడ ఆవిడ చేతికి పోతాయోనని నాకు అన్నం సహించేది కాదు.

ఆ నవంబరులో స్పెయిన్ నుంచి ఒక పెళ్లికి బల్లగుడ్డ ఆర్డరొచ్చింది. వానలకి పని వెనకబడింది.

"డిసెంబరు ఎనిమిదో తారీకుకి పంపుతామని గట్టిగా రాయండి వీరాస్వామిగారూ" అన్నారు ఓనరు అప్పాజీగారు.

గట్టిగా చెప్పడానికి డిక్షనరీలో మూడు పదాలు దొరికాయి. 'ప్రొమేసా' అంటే మాటివ్వడం. 'వోతో' దేవుడికి మొక్కుకోవడం. 'హురమెంతో' అంటే ఒట్టు. ఒట్టుకి మించిన గట్టిదేముంది? అదే రాశాను.

రమాదేవి చదివింది. "మాట చాలండి. బేరంలో ఒట్టేస్తే నాకైతే అనుమానమొస్తుందండి."

"ఎందుకూ?"

"మీరు ఒట్టేస్తే ఇంట్లో అక్కయ్యగారు నమ్ముతారాండీ?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఆఫీసంతా గొల్లుమంది. అయినదానికీ కానిదానికీ 'అమ్మతోడు' అనడం నాకలవాటు మరి.

మధ్యాహ్నం ఆవిడ ఆ గుడ్డ అల్లుతున్న అచ్చాయమ్మ ఇంటికి వెళ్లొచ్చింది. "పన్నెండో తారీకైతేగానీ అవదంటండి. అదే రాద్దామండి."

అప్పాజీగారు గొణిగారు. చివరికి ప్రొమేసాయే వెళ్లింది, పన్నెండో తారీకుతో. ఆర్డరు రద్దయిపోతే బాగుండునని రోజూ కోరుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను. రద్దు కాలేదు. పన్నెండున పార్సిల్ కదిలింది.

సంక్రాంతి వెళ్లాక అక్కణ్ణుంచే ఇంకో ఆర్డరొచ్చింది. అప్పాజీగారు మా బల్ల దగ్గర ఆగారు.

"నెలాఖరుకి పంపగలమా?"

"అమ్మతోడండి, పంపు..." అంటూండగానే ఆయన రమాదేవివైపు తిరిగారు.

"ఏమ్మా?"

"పంపగలమండి" అంది రమాదేవి.

"అయితే ఇకమీదట ఉత్తరాలు నువ్వే రాసెయ్యమ్మా."

అంతే, లోపలికి వెళ్లిపోయారు. నేను డిక్షనరీ తీసి సొరుగులో పడేశాను. ఆవేళ నాకు ఏడుపొచ్చింది, అమ్మతోడు.