ప్లాస్టర్ కాలు కొలత

మా చెల్లెల్ని వాళ్ల వర్క్‌షాపులో అందరూ కొలతమ్మ అంటారు. కృత్రిమ కాళ్లు తయారుచేసే చోట కొలతలు తీయడం దాని ఉద్యోగం. ఇప్పుడు టేపు మూలన పడి కెమెరా వచ్చింది. అది వెలుగు వదులుతుంది. ఆ వెలుగు కాలికి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఏ భాగం ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. రోజూ పొద్దున్నే బల్ల మీద, కొలత ముందే తెలిసిన ప్లాస్టర్ కాలి నమూనా నిలబెట్టి కెమెరాను సరిచూసుకోందే మా చెల్లెలు టీ కూడా ముట్టదు. చిన్నప్పుడు నా జడలు రెండూ సమానంగా లేవని బడికి వెళ్తున్నదాన్ని వెనక్కి లాక్కొచ్చిన మనిషి! అంత చాదస్తం.

మా ఆయన కటింగ్ షాపులో పనిచేస్తాడు. రోజంతా కుర్చీ వెనక నిలబడాలి. ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయాక, నెలాఖరుదాకా చూస్తాను, ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకుంటానని షాపు యజమాని చెప్పేశాడు.

చెల్లెలే కొలిచింది, చెల్లెలే కొత్త కాలు తొడిగింది.

"సరిపోయిందా బావా?"

"భేషుగ్గా ఉంది మరదలా!"

ఇంటికొచ్చాక గోడ పట్టుకుని నడుస్తుంటే నాకు అనుమానమొచ్చింది. కాలు విప్పించి చూశాను. చర్మమంతా కమిలిపోయి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదా భేషుగ్గా ఉండటం?"

"ఊరుకోవే. పాపం, ఆ పిల్లకి మాటొస్తుంది."

ఊరుకుంటానా! అప్పటికప్పుడు ఆయన్ని బయల్దేరదీసి వర్క్‌షాపుకి తీసుకెళ్లాను.

"ఏమే, నీ కొలతలు తగలెయ్యా! ఇది చూడు" అన్నాను.

అది ప్లాస్టర్ కాలు పెట్టి చూసింది. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. గెలిచినట్టు నాకేసి తిరగబోయి, బావ చర్మం చూసి ఆగిపోయింది. తర్వాత తన పిక్కనే కెమెరా ముందు పెట్టి, పాత టేపు వెతికి తెచ్చి దాంతోనూ కొలుచుకుంది. టేపు కొలతకన్నా కెమెరాలో పిక్క సన్నగా ఉంది!

"చర్మం ప్లాస్టర్ కాదు కదక్కా" అంది. "వెలుగు కాస్త లోపలికి దిగి ఆలస్యంగా బయటికొస్తోంది. ఆలస్యమైతే దూరమనుకుంటుంది ఇది. కాలు సన్నమనుకుంటుంది. అందుకే కాలు దూర్చే తొడుగు బిగుతైంది."

"మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదా?"

"అందర్నీ అడిగాను. బాగానే ఉందన్నారు."

అని అక్కడే కూలబడి ఏడ్చింది. నా కోపమంతా ఎటు పోయిందో, పక్కన కూర్చుని దాని కళ్లు తుడిచాను.

వెలుగు చర్మంలోకి దిగకుండా మా ఆయన కాలికి పల్చటి తెల్ల మేజోడు తొడిగి మళ్లీ కొలిచింది. ఈసారి టేపూ కెమెరా ఒకే మాట చెప్పాయి. కొత్త తొడుగుతో ఆయన షాపులో సాయంత్రందాకా నిలబడ్డాడు. ఇంటికి రాగానే ఆయన మాట నమ్మకుండా నేనే విప్పి చూశాను. ఎక్కడా ఎరుపు లేదు.

ఆ కబురు చెబుదామని వెళ్తే చెల్లెలు ఫోన్లో ఉంది. తను కొలిచినవాళ్లందరికీ వరసగా చేస్తోంది. "బాగానే ఉందమ్మా" అని అవతల ఎవరో పెద్దాయన అనడం నాకూ వినబడింది.

"బాగుందా అని అడగట్లేదు తాతా" అంది చెల్లెలు. "ఎక్కడ నొప్పో చెప్పు."

అప్పుడు ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.