చంకలో సీసా

తాండూరు పశువుల ఆసుపత్రిలో నాకు పని నేర్పిన డాక్టర్ మేడమ్ చలికాలంలో కాల్షియం సీసాను చంకలో పెట్టుకుని వెచ్చబరిచేవారు.

ఒక పొద్దున, ఈనిన మర్నాడే ఒంట్లో కాల్షియం తగ్గి కూలబడిన ఆవు దగ్గర సూది, పైపు, దూది వరుసగా సర్దాను. సీసా మాత్రం ఇంకా ఆమె చంకలోనే ఉంది.

"ఏంది మేడమ్, పసిపిల్లనెత్తుకున్నట్టు నిలవడ్డరు? జల్ది ఎక్కియ్యున్రి," అన్నాడు రైతు.

"సల్లది ఎక్కిస్తే దీని గుండె ఆగుతది పెద్దయ్యా. జర ఆగు."

తర్వాత సూది నన్నే గుచ్చమన్నారు. రెండుసార్లు తడిమినా నరం తగల్లేదు. "ఫికర్ చెయ్యకు, నేనున్న," అంటూ నా చేతి మీద చెయ్యి వేశారు. మెడనరం దొరికింది. సీసా ఖాళీ అయ్యాక ఆవు తూలుతూ లేచింది.

ఆమె బదిలీ అయి వెళ్లిపోయారు. ఇప్పుడు నేను పనిచేసే మోమిన్‌పేట్‌లో సీసా నా చంకలో ఉంటుంది. ఆవు లేచిన ప్రతిసారీ, ఆమెకు చూపించాలని పక్కకు తిరుగుతాను.